బందరు మిషనులో మనుషుల నడవడి: ఆశయానికీ ఏర్పాటుకూ మధ్య

మన సంఘ చరిత్రలను చదివేటప్పుడు సాధారణంగా మనం వ్యక్తులనే చూస్తాము. ఫలాని దొరగారు ఫలాని సంవత్సరంలో ఓడ దిగారు, బడి పెట్టారు, ఇంతమందికి బాప్తిస్మమిచ్చారు, ఇక్కడే మరణించారు. ఆ వ్యక్తులందరూ ఒక సంస్థలో పనిచేసినవారని, ఆ సంస్థకు జీతాల పట్టిక, నివేదికలు, కమిటీలు, దూరదేశంలో కూర్చున్న కార్యదర్శులు ఉండేవారని మనకు తట్టదు. అందుకే చరిత్రలో ఒక మంచి మనిషి మనకు నచ్చని పని చేసినట్లు కనిపిస్తే, అయితే ఆయనను సమర్థిస్తాము, లేకపోతే నిందిస్తాము. మూడవ మార్గం ఒకటి ఉన్నది. ఆయన నిలబడిన చోటును, ఆయనకు జీతమిచ్చినవారిని, ఆయన లెక్క చెప్పవలసినవారిని, ఆయనను విడిచి వెళ్ళిపోగల శక్తి ఉన్నవారిని పరిశీలించడం. ఈ వ్యాసంలో కృష్ణా డెల్టా దిగువ ప్రాంతపు చరిత్రను, ముఖ్యంగా మచిలీపట్నంలోని చర్చి మిషనరీ సొసైటీ వారి తొలినాళ్ళను, ఈ దృష్టితో చూడడానికి ప్రయత్నిద్దాము.

సంస్థ అనేది బందరుకు మిషనుతో వచ్చినది కాదు. డచ్చివారు 1606లోనూ, ఇంగ్లీషు వారు 1611లోనూ ఇక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. ఇంగ్లీషు వారి తరపున 'గ్లోబ్' అనే ఓడలో వచ్చిన వర్తకులు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథ్యూనిస్ ఇద్దరూ డచ్చివారే కావడం ఒక వింత. కంపెనీ తన ఉద్యోగులకు ఇచ్చిన జీతం స్వల్పం. దానితో పాటు ప్రతి ఉద్యోగీ అద్దకపు బట్టల మీద, మరిదేని మీదనో సొంత వ్యాపారం చేసుకునేవాడు. లండన్ నుండి నిషేధాలు వచ్చేవి, ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది, ఇక్కడి వ్యాపారం ఇక్కడ సాగిపోయేది. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే అధికారి 1676లోనూ 1679లోనూ బందరు వచ్చి లెక్కల పుస్తకాలు, రోజువారీ చిట్టాలు ఎలా రాయాలో కట్టుదిట్టం చేసి వెళ్ళాడు. చివరకు 1681లో ఆయనను కూడా కంపెనీ పదవి నుండి తొలగించింది. ఆ ఉద్యోగులు మిగతా మనుషుల కంటె చెడ్డవారని అనుకోనవసరం లేదు. నోటితో ఒకటి నిషేధిస్తూ, బ్రతకడానికి అదే చేయక తప్పని జీతం ఇచ్చిన ఏర్పాటు వారిది. ఈ సంగతి గుర్తుంచుకుని రెండు శతాబ్దాలు ముందుకు వద్దాము.

జిల్లాలోని ఇంగ్లీషు అధికారులు కొందరు నిధులు పోగుచేసి కోరిన మీదట, 1841లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు యువ గురువులు బందరు చేరారు. నోబుల్‌కు 32 ఏళ్ళు, ఫాక్స్‌కు 24. ఒకే సంస్థ పంపగా, ఒకే సంవత్సరంలో, ఒకే ఊరికి వచ్చిన ఈ ఇద్దరూ పనిని రెండు విధాలుగా అర్థం చేసుకున్నారు. ఫాక్స్ తెలుగు నేర్చుకుని పల్లెల వెంట, తిరునాళ్ళ వెంట తిరిగి బోధించాడు. నోబుల్ ఊరిలోనే ఉండిపోయి, 1843లో పై కులాల, ఉద్యోగుల కుటుంబాల పిల్లల కొరకు ఇంగ్లీషు బడి తెరిచాడు. పై వర్గాలు మారితే ఆ ప్రభావం కిందికి దిగుతుందన్నది ఆయన ఆలోచన.

ఫాక్స్ ఆరోగ్యం నిలవలేదు. 1845లో భార్య మరణించింది. 1848లో ఆయన స్వదేశం చేరి అదే సంవత్సరం అక్టోబరులో డర్హాములో కన్నుమూశాడు. బందరులో 1841లో పుట్టిన ఆయన కుమారుడు హెన్రీ ఇలియట్ ఫాక్స్ తరువాత 1895 నుండి 1910 వరకు అదే సొసైటీకి లండన్‌లో గౌరవ కార్యదర్శిగా ఉన్నాడు. నోబుల్ మాత్రం పెండ్లి చేసుకోలేదు, ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్ళలేదు, 24 ఏళ్ళు పనిచేసి 1865 అక్టోబరులో బందరులోనే మరణించాడు. ఈనాటికీ ఊరిలో నోబుల్ పేరు కళాశాలగా నిలిచి ఉన్నది. ఫాక్స్ పేరు సంఘ చరిత్ర చదివినవారికి మాత్రమే తెలుసు. ఇది ఇద్దరి శ్రద్ధలో ఉన్న తేడా వలన కలిగినది కాదు. పల్లె సంచారం ఒక మనిషి కాళ్ళ మీద, ఒక మనిషి ఊపిరితిత్తుల మీద ఆధారపడిన పని. బడికి కట్టడం ఉన్నది, తరగతులున్నవి, హాజరు పట్టీ ఉన్నది, పరీక్షలున్నవి. ఏటా నివేదికలో రాయడానికి బడి అంకెలనిస్తుంది. సంస్థలు తాము లెక్కపెట్టగలిగిన పనినే ఎక్కువగా నిలుపుకుంటాయన్నది బందరు మిషను తొలి పదేళ్ళలోనే కనిపిస్తుంది.

బడిని ఎవరు నడిపారు?

ఈ ప్రశ్నకు 'నోబుల్' అని జవాబు చెప్పడం తేలిక. కాని సంస్థల నడవడిని పరిశీలించేవారు అడిగే ప్రశ్న వేరు. ఎవరు వెళ్ళిపోతే ఈ సంస్థ ఆగిపోతుంది? నోబుల్ బడిలో ఆ శక్తి పిల్లల తండ్రుల చేతిలో ఉండేది. దళిత కుటుంబాల పిల్లలను చేర్చుకుంటే పై కులాల వారు ఒక్కరు కూడా మిగలరన్నది నోబుల్ వాదన. అందుచేత ఆయన తన బడిలో వారికి చోటివ్వలేదు. కులం సువార్తకు విరోధమని 1850లో మద్రాసు మిషనరీ సమావేశం తీర్మానం చేసిన రోజులవి. మిషను లోపలే ఆయన పద్ధతి మీద విమర్శ వచ్చింది. అయినా ఆయన మారలేదు. ఆయన కులాన్ని నమ్మినవాడు కాడు. బాప్తిస్మం పొందినవారు కులాన్ని విడిచి తనతో కలిసి భోజనం చేయవలసినదే. అంటే సంఘంలో ఒక నియమం, బడిలో ఒక నియమం. రెండింటికీ ఆయనే అధిపతి.

1852లో ఆ బడిలో చదివిన ఇద్దరు యువకులు, మంచాల రత్నం అనే బ్రాహ్మణుడు, ఐనాల భూషణం అనే వెలమ, నోబుల్ ఇంటికి వచ్చి బాప్తిస్మం పొందారు. ఊరు అట్టుడికిపోయింది. బంధువులు ఇంటి ముందు గుమికూడారు. బడి దాదాపు ఖాళీ అయినది. పదేళ్ళ శ్రమకు వచ్చిన తొలి ఫలమే ఆ శ్రమ మొత్తాన్ని కూల్చివేసేలా కనిపించింది. బడి తన ఆశయాన్ని సాధించిన రోజే బడిగా నిలవలేకపోయిందన్నమాట.

కొన్నాళ్ళకు పిల్లలు తిరిగి వచ్చారు. ఎందుకు వచ్చారన్నది మనం నిలిచి ఆలోచించవలసిన విషయం. బందరు జిల్లా ముఖ్యపట్టణం. కచేరీలో, కోర్టులో ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి. మంచి ఇంగ్లీషు దొరికే చోటు అదే. తండ్రులు బాప్తిస్మ భయాన్ని ఒక పక్క, ఉద్యోగ ఆశను మరొక పక్క తూచుకున్నారు. పిల్లలు బైబిలు పాఠాన్ని మిగతా పాఠాల వలెనే నేర్చుకుని, పరీక్ష రాసి, తమ దారిన తాము వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. తరువాత కూడా ఆ బడి నుండి కొందరు యువకులు విశ్వాసులైనారు, రత్నం, భూషణం ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు. కాని సంఖ్య స్వల్పం. బడి మాత్రం పెరిగి కళాశాల అయినది. అక్కడ చదివిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో అదే ఊరిలో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాల్గొన్నారు. మిషను బడి జాతీయోద్యమానికి మనుషులను తయారుచేసి ఇస్తుందని నోబుల్ ఊహించి ఉండడు. (గుడివాడ సంగతి వేరు. అక్కడ 1950లో కళాశాల వెలిసింది, దానికి లక్ష రూపాయలిచ్చిన నటుడు అక్కినేని నాగేశ్వరరావు పేరు నిలిచింది. అప్పటికి డెల్టాలో కళాశాల కొరకు మిషను వైపు చూడవలసిన అవసరం తీరిపోయింది.)

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1940లో ఉద్యోగస్వామ్యం గురించి రాసిన వ్యాసంలో ఒక మాట వివరించాడు. సంస్థ ఒక గమ్యం కొరకు నియమాలు పెట్టుకుంటుంది. కాలక్రమేణ ఆ నియమాలను కాపాడుకోవడమే గమ్యంగా మారుతుంది. నోబుల్ జీవితానికి ఈ సూత్రాన్ని మొత్తంగా అన్వయించడం అన్యాయమే. ఆయన చివరి వరకు తన విద్యార్థుల రక్షణ కొరకే తపించాడు. అయితే ఆయన నిర్మించిన బడి, ఆయన కోరినది కాక, తండ్రులు సహించగలిగినది చేయడం నేర్చుకున్నది.

జీతం పట్టికలో లేని మనిషి

బందరు బడి ఇలా సాగుతుండగా, ఎవరూ ప్రణాళిక వేయని చోట మరొకటి జరిగింది. బెజవాడ సమీపాన రాఘవాపురంలో పడమటి వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. మిషను ఆయనను వెదకి వెళ్ళలేదు. విగ్రహాల మీద నమ్మకం పోయి, దేవుడొక్కడే అనే ఎరుకకు తానుగా వచ్చి, బెజవాడలో డార్లింగ్ దొరగారు ఉన్నారని తెలిసి ఆయనే వెదుకుతూ వచ్చాడు. 1859లో తన వారితో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత చుట్టుపక్కల గ్రామాలలో తన బంధుగణానికి చెప్పుకుంటూ తిరిగాడు. ఆయనకు మిషను చదువు లేదు, హోదా లేదు, మొదట జీతం లేదు. ఈ ప్రాంతంలో సామూహికంగా సంఘాలు పుట్టడం ఆయనతోనే ఆరంభమైనది.

ఆనాటి డెల్టా పరిస్థితిని కూడా కొంచెం గుర్తుచేసుకోవాలి. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తి అయినది. కాలువల నీటితో గుడివాడ, బందరు ప్రాంతాల మెట్ట పొలాలు మాగాణులుగా మారాయి. భూమి ఉన్న రైతు కుటుంబాలు బలపడ్డాయి. పొలంలో దిగి నాట్లు వేసి, కోతలు కోసిన మాల మాదిగలకు కూలి ధాన్యం రూపంలోనే వచ్చేది, అది కూడా కోతల కాలంలో. సంఘాలు పుట్టినది ఈ కుటుంబాలలో. వారికి బడి కావాలి, బోధకుడు కావాలి. మిషను ఉపదేశకులను నియమించి నెలనెలా జీతమిచ్చింది. మొదట అది తప్పనిసరి సహాయం. తరువాత అదే అలవాటు.

ఇక్కడ లండన్‌లోని ఒక వ్యక్తిని తలచుకోవాలి. నోబుల్, ఫాక్స్ బందరు వచ్చిన 1841లోనే హెన్రీ వెన్ సొసైటీ కార్యదర్శి బాధ్యత చేపట్టి, 1872 వరకు కొనసాగాడు. స్థానిక సంఘం తన ఖర్చు తానే భరించాలి, తనను తానే పరిపాలించుకోవాలి, తానే సువార్తను వ్యాపింపజేయాలి, అప్పుడు మిషను మెల్లగా తప్పుకోవాలి అన్నది ఆయన సిద్ధాంతం. సెమినరీలో మనమందరము చదివినదే. అంత స్పష్టమైన సిద్ధాంతం, అంత అధికారం గల కార్యదర్శి, ముప్పై ఏళ్ళ కాలం ఉండి కూడా అది పల్లెలో ఎందుకు వేళ్ళూనలేదు?

జవాబు జీతం ప్రయాణించిన దారిలో ఉన్నది. ఉపదేశకునికి జీతం దొరగారి బల్ల మీద నుండి వచ్చేది. బదిలీ ఆయన చేతిలో ఉండేది. పనిని గురించిన నివేదిక ఆయనకే ఇవ్వాలి. అలాంటప్పుడు ఉపదేశకుడు తన మాలపల్లి సంఘ పెద్దల మాట కంటె దొరగారి మనసును ఎక్కువగా చదవడం నేర్చుకున్నాడంటే ఆశ్చర్యమేమున్నది? సంఘం కూడా అతనిని తమ కాపరిగా కంటె మిషను ఉద్యోగిగా చూసింది. పిడికెడు బియ్యం తీసిపెట్టి అతనిని పోషించవలసిన అవసరం వారికి తోచలేదు, ఎందుకంటే అతనికి జీతం ఉన్నదని అందరికీ తెలుసు. దొరగారు మాత్రం సంఘానికి ఇవ్వడం అలవాటు లేదని నివేదికలో రాసుకోవచ్చు. ప్రతి ఒక్కరి నడవడి వారి వారి చోటు నుండి సమంజసమే. మొత్తం కలిస్తే మాత్రం వెన్ కోరినదానికి వ్యతిరేకం.

పక్క జిల్లాలో ఒక మిషనరీ ఈ చిక్కును గ్రహించాడు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. కూలి ఇచ్చే చేయి, బాప్తిస్మమిచ్చే చేయి ఒకటే అయితే మనుషులు ఎలా నడుచుకుంటారో ఆయనకు తెలుసు. కరువు పని ముగిసిన తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎవరి ఆశ ఏమిటో మనం తూచలేము. క్లౌ తూచలేకపోయాడు కూడా. కాని కనీసం తన సంస్థ వారి ముందు ఏ ఎర పెడుతున్నదో ఆయన చూడగలిగాడు.

బందరు ప్రాంతపు సంఘాలు తరువాతి కాలంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలో భాగమైనవి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన వేదనాయకం సామ్యేల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడి మిషనరీలను కలవరపరచింది. ఒకే మిషనులో పనిచేసే విదేశీయునికీ భారతీయునికీ మధ్య స్నేహం లేదని, జీతమిచ్చేవాడు జీతం తీసుకునేవాడు అన్న సంబంధమే మిగిలిందని ఆయన అన్న సారాంశం. దీనిని మనం సాధారణంగా జాతి వివక్షను గురించిన మాటగా చదువుతాము. అది నిజమే. కాని అది సంస్థను గురించిన మాట కూడా. మంచి మనసుతో వచ్చినవారు సైతం జీతాల పట్టిక చేతిలోకి రాగానే యజమానులుగా మారడం ఆయన చూశాడు.

బిషప్పుగా ఆయన చేసిన పనులలో మన వ్యాసానికి సంబంధించినవి రెండు. ఒకటి, సంఘానికి ఇవ్వడం నేర్పడం. ఇల్లాలు వంట చేసేటప్పుడు తీసిపెట్టే గుప్పెడు బియ్యం, కోత పండుగలో తెచ్చే ధాన్యం, కోళ్ళు, కూరగాయలు. కూలి ధాన్యంగా వచ్చే చోట కానుక నాణెం రూపంలో అడగడం అర్థం లేని పని అని ఆయనకు తెలుసు. రెండు, సాక్ష్య వారం. ఏడాదికొకసారి జీతం లేని సామాన్య విశ్వాసులు గుంపులుగా పొరుగు పల్లెలకు వెళ్ళి తమ అనుభవం చెప్పేవారు. అంటే వెంకయ్య చేసిన పనికి సంస్థలో ఒక చోటు కల్పించినట్లు. దీని ఫలితం చూడండి. 1920, 30 దశకాలలో శూద్ర కులాల కుటుంబాలు కూడా వేల సంఖ్యలో సంఘంలోకి వచ్చాయి. తమ పొలాలలో పనిచేసే మాల మాదిగల బ్రతుకులో వచ్చిన మార్పును చూసి వచ్చారని అజరయ్యా, సామూహిక ఉద్యమాల మీద 1933లో గ్రంథం ప్రచురించిన పికెట్టూ నొక్కి చెప్పారు. ప్రభావం పై నుండి కిందికి దిగుతుందని నోబుల్ అనుకున్నాడు. అది కింది నుండి పైకి ఎక్కింది. ఆయన బడిలో చోటు దొరకని వారి పిల్లల ద్వారా ఎక్కింది.

ఈ విషయంలో అజరయ్య కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించే అలవాటు మనకున్నది. అంత దూరం పోనవసరం లేదు. ఆయన మండలానికి కూడా విదేశీ నిధులు వచ్చేవి, అధికారం ఒక బలమైన బిషప్పు చుట్టూ చేరింది. 1945 జనవరి 1న ఆయన మరణించిన తరువాత, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత, దొరగారి బల్ల మీది పట్టిక మన కమిటీల బల్ల మీదికి వచ్చింది. బదిలీల కాలంలో గురువులు ఎవరి గుమ్మం దగ్గర ఎక్కువగా కనిపిస్తారో గమనించినవారికి, పాత ఉపదేశకుడు ఎందుకు అలా నడుచుకున్నాడో వేరుగా చెప్పనక్కరలేదు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో విధవరాండ్ర విషయమై సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. పంచే ఏర్పాటును మార్చారు. ఎన్నుకోబడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం వ్యాఖ్యాతలు ఎప్పటినుండో గమనించిన విషయం. నష్టపోయినవారి పక్షం మనుషులకే పంపిణీ అప్పగించారని దాని అర్థం కావచ్చు.

దివిసీమలో పంపిణీ

పంచే ఏర్పాటు అన్నప్పుడు దివిసీమ గుర్తుకు రాక మానదు. ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. షార్కీ దొరసానిగారి బాలికల బడిలోని పిల్లలు కూడా అందులో ఉన్నారు. నోబుల్ ఆ తరువాత ఏడాది కూడా బ్రతకలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. సొర్లగొంది వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయినవి. తుపాను హెచ్చరికలు వెలువడినవి. రేడియోలో వినిపించినవి. కాని హెచ్చరిక ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి చేరడం ఒక సంగతి, సముద్రపు ఒడ్డున గుడిసెలోని కూలి మనిషి లేచి కదలడం మరొక సంగతి. కదిలి ఎక్కడికి పోవాలి? దేని మీద పోవాలి? గుడిసెలోని గిన్నెలను, మేకను ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు సిద్ధం చేయడం ఏ కార్యాలయం పని అన్నది నిర్ణయమై ఉండలేదు. స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు ఈ ఉప్పెన మీద 1979లో ప్రచురించిన అధ్యయనం వ్యక్తులూ సంస్థలూ మూకుమ్మడి మరణానికి ఎలా స్పందించారన్నదానినే పరిశీలించింది. మన విద్యార్థులు చదవదగిన పుస్తకం అది.

తరువాత సహాయం వచ్చింది. ప్రభుత్వం, క్రైస్తవ సంస్థలు, రామకృష్ణ మిషను, ఇంకా అనేక సేవాసంస్థలు దివిసీమకు చేరాయి. గ్రామాలను దత్తత తీసుకోవడం, పక్కా ఇళ్ళు కట్టించడం మొదలైనది. ఇల్లు ఫోటో తీయడానికి వీలైనది, దాత పేరు రాయడానికి గోడ ఉన్నది. కౌలు, అప్పు, కూలి రేటు ఫోటోకు అందవు. పీటర్ వించెస్టర్ ఈ ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి 1992లో ప్రచురించిన గ్రంథంలో, తుపాను అందరినీ ఒకేలా కొట్టదనీ, భూమి లేనితనం, పేదరికం ఉన్నచోట అది లోతుగా తగులుతుందనీ, ఆ తరువాతి పథకాలు ఆ మూలాన్ని తాకలేదనీ వాదించాడు. సహాయ సంస్థలలో పనిచేసినవారి నిజాయితీని శంకించనవసరం లేదు. వారు కూడా ఎక్కడో దూరాన ఉన్న దాతకు నివేదిక రాయవలసినవారే. నోబుల్ రాసినట్లే.

అయినా ఏర్పాటు మారినప్పుడు నడవడి మారుతుందనడానికి సాక్ష్యం కూడా ఈ తీరంలోనే ఉన్నది. 1990 మే 9న మరొక తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారం వద్దనే తీరం దాటింది. అప్పటికి తీర గ్రామాలలో తుపాను ఆశ్రయాలు లేచి ఉన్నవి. ఎవరిని ఎక్కడి నుండి ఎక్కడికి తరలించాలో ముందే నిర్ణయమైనది, బస్సులూ లారీలూ పల్లెలోకి వచ్చినవి. లక్షన్నరకు పైగా జనం ఇళ్ళు విడిచి కదిలారు. మరణించినవారు వేయికి లోపు. కదలరని 1977లో అందరూ అనుకున్న మనుషులే, వారి బిడ్డలే, ఈసారి సామాను మూటగట్టుకుని లారీ ఎక్కారు.